మా అమ్మాయికి గుర్రపు స్వారీ హెల్మెట్: తక్కువ బడ్జెట్‌లో ఎలా కొన్నామంటే

మేం ఉండేది డల్లాస్ దగ్గర. మా అమ్మాయి పట్టుబట్టి గుర్రపు స్వారీ క్లాసుల్లో చేరింది. మొదట్లో బార్న్ (క్లాసులు జరిగే గుర్రపుశాల) వాళ్ల హెల్మెట్‌తోనే నడిచింది, తర్వాత సొంతది కొనమన్నారు కోచ్. ఫీజులకే బోలెడవుతోంది కాబట్టి 80 డాలర్లు దాటకూడదనుకున్నాం.

"సైకిల్ హెల్మెట్ ఉందిగా?" అన్నారు మావారు. అది పనికిరాదు. గుర్రం మీద నుంచి పడితే కంచె కర్రో, డెక్క అంచో తలకి తగలొచ్చు. అందుకే అమెరికాలో స్వారీ హెల్మెట్లకు ఏఎస్‌టీఎం ఎఫ్1163 అని వేరే ప్రమాణం ఉంది. చదునైన దిమ్మె మీదే కాకుండా అంచున్న దిమ్మె మీద కూడా పడేసి పరీక్షిస్తారు. లోపల ఆ నంబరు, ఎస్‌ఈఐ అనే ధ్రువీకరణ సంస్థ ముద్ర లేనిదాన్ని ఎంత చవగ్గా వచ్చినా నేను ముట్టుకోలేదు.

తెలిసినావిడ ఒకరు వాళ్ల పాప వాడిన హెల్మెట్ ఇస్తానన్నారు. ప్రేమగానే అన్నారు, కానీ వద్దన్నాను. లోపలి ఫోమ్ ఒక్క గట్టి దెబ్బకే నలిగిపోతుంది, మళ్లీ మునుపటిలా అవదు. పైకి గీత కూడా కనబడకపోవచ్చు.

చవకది కొని పిల్ల తల విషయంలో రాజీ పడుతున్నామా అన్న టెన్షన్ మాత్రం ఉండేది. వర్జీనియా టెక్ రేటింగులు చూశాక అది తగ్గింది. 2022 చివర్లో ఆ యూనివర్సిటీ ల్యాబ్ స్వారీ హెల్మెట్లకు స్టార్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొన్ని చవక మోడళ్లు ఖరీదైనవాటి కన్నా మెరుగ్గా నిలిచాయి. స్టార్ల పక్కన ఉండే స్కోరు ఎంత తక్కువైతే అంత మంచిది, అది గమనించాలి.

అసలు కష్టమంతా సైజు దగ్గరే. కనుబొమలకి కాస్త పైన టేపు చుట్టి కొలిచాను. కొలత ఒకటే అయినా తల ఆకారం వేరవుతుంది. మా అమ్మాయిది ముందు నుంచి వెనక్కి కోల తల. గుండ్రటి మోడల్ పెడితే నుదుటి దగ్గర నొక్కి, చెవుల పైన వేలు దూరేంత సందు వచ్చింది. వెనక ఉండే సైజు డయల్ బిగిస్తే సరిపోతుందిలే అనిపిస్తుంది, కానీ ఆ సందు అలాగే ఉండిపోతుంది. షాపులో ఒకావిడ గడ్డం పట్టీ పెట్టకుండానే హెల్మెట్‌ని మెల్లగా కదిపారు. నుదుటి చర్మం, కనుబొమలు దాంతోపాటు కదిలితే సరైనదట. జడ కూడా ముఖ్యమే. దానిది ఒత్తైన జుట్టు. పైకి ముడేస్తే హెల్మెట్ ఎత్తుకుపోతోంది. మెడ దగ్గర నుంచి జడ అల్లి, మళ్లీ పెట్టి చూశాం. క్లాసుకి రోజూ అదే జడ.

చివరికి 60 డాలర్ల చిల్లరకి, రంగూ హంగూ లేని నల్లటిది దొరికింది. పట్టీ కింద ఒక వేలు పట్టేలా బిగిస్తాం. టెక్సస్ ఎండకి ఫోమ్ పాడవుతుందని కారులో వదలం. కొన్ని కంపెనీలు పడి దెబ్బతిన్న హెల్మెట్ బదులు కొత్తది తగ్గింపు ధరకి ఇస్తాయి కాబట్టి రసీదు జాగ్రత్తగా దాచాను.