ఆల్బమ్ బయటికొచ్చింది, మెల్‌బోర్న్‌లో ఉన్న మా అక్కకి తప్ప

మూడు రోజుల క్రితం నా ఆల్బమ్ విడుదలైంది. తొమ్మిది పాటలు, 34 నిమిషాలు. ఒక గిటారు, నా గొంతు, అక్కడక్కడా తంబుర, అంతే. ఇదంతా ఒక్క నవల మీద అల్లినది. ఐర్లండ్ రచయిత లార్డ్ డన్‌సేనీ 1924లో రాసిన ‘ద కింగ్ ఆఫ్ ఎల్ఫ్‌లాండ్స్ డాటర్’. ఏర్ల్ అనే చోట ఊరి పెద్దలు మాకు మంత్రశక్తి ఉన్న ప్రభువు కావాలని అడుగుతారు. దాంతో అక్కడి ప్రభువు మాయలోకపు రాకుమారి లిరజెల్‌ని పెళ్ళాడి రమ్మని కొడుకు అల్వెరిక్‌ని పంపుతాడు. ఆ పిల్ల వస్తుంది, బిడ్డని కంటుంది, కానీ మన లోకంలో ఇమడలేక ఒకరోజు ఎండుటాకులతో పాటు గాలికి కొట్టుకుపోతుంది. ఆమెతో పాటు మాయలోకమే వెనక్కి జరిగిపోతుంది, అల్వెరిక్ ఏళ్ళ తరబడి దాన్ని వెతుక్కుంటూ తిరుగుతాడు. కాశీమజిలీ కథలు వింటూ పెరిగినవాళ్ళకి ఇది పరాయి కథ అనిపించదు.

పాటలు రాయడానికి నేను పెద్దగా కష్టపడలేదు. లిరజెల్ అంటే రెండు లఘువులు, ఒక గురువు, అచ్చంగా స గణం. అల్వెరిక్ ర గణం. పల్లవిలో వాటంతట అవే కూర్చున్నాయి. కథలో ఒక మంత్రగత్తె తన క్యాబేజీ మడుల కింద దొరికిన పిడుగులతో అల్వెరిక్‌కి కత్తి చేసిస్తుంది, నా రెండో పాట దాని గురించే. అలాంటి పాట తెలుగులో ఈ మధ్య రాలేదని ధైర్యంగా చెప్తాను.

రికార్డింగ్ ఇంట్లోనే. గోడలకి అమ్మ కుట్టిన బొంతలు వేలాడదీసి, ఫ్యాన్ ఆపేసి, వీధి కుక్కలు సద్దుమణిగాక రాత్రి రెండింటికి. మైకు గిటారు రంధ్రం ముందు పెట్టకండి, గుమ్ముమని మోగుతుంది. గిటారు మెడ మీద పన్నెండో మెట్టు (ఫ్రెట్) వైపు తిప్పితే తీగ శబ్దం శుభ్రంగా వస్తుంది.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పాటల్ని యాప్‌లలో పెట్టించే ఒక కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. పదకొండింటికి రమ్మని రెండున్నరకి పిలిచారు. లోపల నన్ను పిలిచినాయన టేబుల్ చుట్టూ ఇంకో నలుగురు ఉన్నారు. ఫోన్‌లో పాట పెట్టాను. మొదటి లైను అవ్వగానే, “చూడమ్మా, ఈ కథ నీదేనా?” అన్నాడు. కాదండీ, ఒక నవలలోది అన్నాను. “అంటే కొట్టేశావన్నమాట” అన్నాడు, అందరికీ వినపడేలా. ఎవరో నవ్వారు. రచయిత 1957లోనే చనిపోయారండీ అంటే, “చచ్చిపోతే ఆయన సొత్తు నీదైపోతుందా? పర్మిషన్ లెటర్ ఏది?” అన్నాడు. పాట ఇంకా మోగుతూనే ఉంది. ఆయన నా ఫోన్ తీసి టేబుల్ మీద బోర్లా పెట్టి, పైన అరచెయ్యి వేశాడు. ఆ చెయ్యి కింద నా గొంతు సన్నగా వినపడుతోంది. ఏడాదిన్నర కష్టం. ఆయనకేం చెప్పాలో నాకు తెలియలేదు, ఆ తెలియకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఒక కథని ఇంకొకరు పాడటం దొంగతనమైతే మన హరికథలు, బుర్రకథలు ఏమైపోవాలి? ఇదే నవలని స్టీలై స్పాన్ అనే ఇంగ్లండ్ జానపద రాక్ బృందంలోని బాబ్ జాన్సన్, పీటర్ నైట్ 1977లో ఆల్బమ్‌గా చేశారు, అందులో కథ చెప్పింది నటుడు క్రిస్టఫర్ లీ. ఈ సంగతి నాకు ఆ రోజే తెలిసుంటే వాళ్ళు కూడా కొట్టేశారా అని అడిగేదాన్ని.

అసలు లెక్క చెప్పింది మా బాబాయి కొడుకు, హైకోర్టులో జూనియర్ లాయరు. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. అంటే 2017తో అయిపోయింది, నేను ఎవర్నీ అడగక్కర్లేదు. 1924 పుస్తకం కాబట్టి అమెరికాలో కూడా 2019 చివరికే గడువు తీరింది. కానీ బ్రిటన్, యూరోపియన్ యూనియన్, ఆస్ట్రేలియాల్లో 70 ఏళ్ళు, 2027 చివరిదాకా. “ఊరికే స్ఫూర్తి పొందావా, వాక్యాలు కూడా తీసుకున్నావా?” అని అడిగాడు. ఐదో పాట చరణం దాదాపు అనువాదమే మరి. అలాగైతే ఆ దేశాలు వదిలెయ్ అన్నాడు.

పాటల్ని యాప్‌లకి చేర్చే ఒక డిస్ట్రిబ్యూటర్ సైట్‌లో నేనే సొంతంగా పెట్టాను. ఏయే దేశాల్లో విడుదల చేయాలో టిక్ పెట్టే చోటు ఉంటుంది, ఆ దేశాలన్నీ తీసేశాను. మూల నవల పేరు, రచయిత పేరు వివరాల్లో తప్పకుండా రాయండి. ప్రతి పాట రికార్డింగ్‌నీ గుర్తుపట్టడానికి ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి పన్నెండు ఉండే ఐ.ఎస్.ఆర్.సి. కోడ్ నోట్‌బుక్‌లో ఎక్కించుకోండి. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ నేను చేయిస్తున్నాను, సాహిత్యానికి 500, రికార్డింగ్‌కి 2000. మధ్యవర్తుల ఆఫీసుల జోలికి మాత్రం పోకండి. తప్పక వెళ్ళాల్సి వస్తే రచయిత పోయిన సంవత్సరం, గడువు లెక్క కాగితం మీద రాసి తీసుకెళ్ళి వాళ్ళ టేబుల్ మీద పెట్టండి.

విడుదలైన రోజు పొద్దున్నే అక్క మెల్‌బోర్న్ నుంచి ఫోన్ చేసి ఎంత వెతికినా దొరకట్లేదంది. సంగతి చెప్తే చాలాసేపు మాట్లాడలేదు. 2028 జనవరి 1న పెడతానే అంటే, అప్పటిదాకా నేనాగలేనంది. అందుకని మూడు రోజులుగా వీడియో కాల్ పెట్టుకుని, గిటారు ఒళ్ళో పెట్టుకుని నేనే పాడి వినిపిస్తున్నాను. నిన్న ఆరో పాట దాకా వచ్చాం. ఇవాళ ఏడోది మొదలుపెట్టబోతే ఆపి, “ముందు ఆ క్యాబేజీల పాట ఇంకోసారి పాడవే” అంది.