రాత్రి ఒంటిగంటన్నరకి బెజవాడలో

తొమ్మిదికి బెజవాడ చేరాల్సిన రైలు ఒంటిగంటన్నరకి చేరింది. లాడ్జి వాళ్లు "స్టేషన్‌కి ఆటో పంపిస్తాం మేడమ్" అన్నారు కదా అని నిశ్చింతగా ఉన్నా. దిగి ఫోన్ చేస్తే ఎత్తే నాథుడు లేడు. నాలుగుసార్లు చేశా. బయటికొస్తే "ఎక్కడికమ్మా, బెంజి సర్కిలా?" అంటూ చుట్టూ పదిమంది. టెన్షన్‌కి అరచేతులు తడిసిపోయాయి.

వెనక్కి తిరిగి ఆడవాళ్ల వెయిటింగ్ హాల్లోకి వెళ్లి కూర్చున్నా. అక్కడ ఒకావిడ పులిహోర పొట్లం విప్పి నాకూ పెట్టింది. (ఆకలి సంగతి అప్పుడే గుర్తొచ్చింది!) రైల్వే 139, ఎమర్జెన్సీ 112 రెండూ ఫోన్లో సేవ్ చేసుకున్నా, అవసరం పడలేదు.

తెల్లారాక యాప్‌లో ఆటో బుక్ చేసి, ఎక్కేముందు నంబర్ ప్లేటు ఫొటో అక్కకి పంపి, లైవ్ లొకేషన్ ఆన్ చేశా. "డ్రైవర్‌కి వినపడేలా నాతో మాట్లాడుతూ ఉండు" అంది అక్క. మాట్లాడా. ఆయన అద్దంలో చూసి "మా అమ్మాయికీ ఇదే చెప్తానమ్మా" అన్నాడు. కొంచెం సిగ్గనిపించింది, అయినా ఫోన్ పెట్టలేదు.

లాడ్జి కుర్రాడు కళ్లు నులుముకుంటూ "రాత్రంతా మీకోసమే చూశాం మేడమ్" అన్నాడు. కాల్ లిస్ట్ తీసి చూపించా.