"హిందువులు మాత్రమే" అన్న షరతు ఎక్కడిదాకా చెల్లుతుంది?

దేవస్థానం ఉద్యోగ ప్రకటనలో ఈ షరతు కనిపించగానే "ఇది రాజ్యాంగ విరుద్ధం కాదా?" అని అడుగుతుంటారు. కానక్కర్లేదు. ప్రభుత్వ కొలువుల్లో మత వివక్షను రాజ్యాంగంలోని 16(2) అధికరణం నిషేధిస్తుంది. మత సంస్థల వ్యవహారాలతో ముడిపడ్డ పదవులకు 16(5) మినహాయింపు ఇస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. 16(5) తనంతట తాను ఎవరినీ అడ్డుకోదు. ఫలానా పదవిలో ఫలానా మతస్థులే ఉండాలని ఏదైనా చట్టం చెబితే, ఆ చట్టాన్ని కాపాడుతుంది, అంతే. కాబట్టి ముందు అడగాల్సింది షరతు వెనకున్న సెక్షన్ ఏది, రూల్ ఏది అని. చట్టబలం లేని ఆఫీసు మెమో చూపిస్తే కుదరదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాటతో కోర్టుకెళ్తే తేలదు.

పైగా ఈ మినహాయింపు మతానికీ, మతశాఖకీ మాత్రమే, కులానికి కాదు. కేరళలోని ఒక శివాలయంలో బ్రాహ్మణేతరుణ్ణి అర్చకుడిగా నియమించడాన్ని 2002లో సుప్రీంకోర్టు సమర్థించింది. పూజావిధానం తెలిసి, తగిన శిక్షణ, అర్హత ఉంటే చాలంది. అయినా అర్చకత్వం అనగానే కులం అడిగే అలవాటు పోలేదు, అది వేరే సంగతి.

ప్రైవేటు ట్రస్టు గుడికో, చర్చి నడిపే ఆసుపత్రికో మాత్రం 16వ అధికరణం సాధారణంగా వర్తించదు. అది ప్రభుత్వ ఉద్యోగాల గురించే.