బ్రకోలినీ: కాడే కూర

అమెరికాలో పెరిగే పిల్లలు దీన్ని బ్రకోలినీ అనో బేబీ బ్రకోలీ అనో అంటారు. బ్రిటన్‌లో ఉన్న వాళ్ళ పిన్ని పిల్లలకు అదే టెండర్‌స్టెమ్. యూరప్‌లో కొన్నిచోట్ల బిమి. ఇవి ఎక్కువగా వ్యాపారనామాలు కాబట్టే దేశానికో పేరు. "ఇదేం కూర?" అని అమ్మమ్మ అడిగితే పిల్లలే చెప్పగలిగేలా అసలు సంగతి నేర్పండి: ఇది లేత బ్రకోలీ కాదు. 1993లో జపాన్‌లోని యొకొహామాకు చెందిన సకాటా విత్తనాల సంస్థ బ్రకోలీని, చైనావాళ్ళు వండుకునే గైలాన్‌ను సంకరం చేసి తెచ్చిన కూర. రెండూ ఒకే జాతి మొక్కలు, మామూలు పరాగసంపర్కంతోనే కలిశాయి. బ్రకోలీ రాబ్ మాత్రం వేరు, అది చేదు. పొరపాటున అది కొనుక్కొస్తే పిల్లలు రెండోసారి ముట్టరు.

గైలాన్ పోలిక వల్ల కాడ లేతగా, తియ్యగా ఉంటుంది. చెక్కు తీయక్కర్లేదు. పువ్వులు ఉంచి కాడలు పారేస్తే కూరలో మంచి భాగమంతా పోయినట్టే.

నలుగురికి 400 గ్రాములు తీసుకోండి. కాడల చివర అర సెంటీమీటరు కోసేసి, పెన్సిల్ కంటే లావుగా ఉన్నవాటిని నిలువుగా చీల్చండి. పువ్వులు, కాడలు విడదీయండి. మరిగే ఉప్పునీళ్ళలో ముందు కాడలు వేసి, నిమిషం తర్వాత పువ్వులు వేయండి. ఇంకో అర నిమిషానికి అన్నీ తీసి చన్నీళ్ళలో ముంచి, గుడ్డమీద బాగా ఆరబెట్టండి. తడి ఉంటే వేగదు, ఉడికిపోతుంది.

వెడల్పాటి మూకుడులో రెండు చెంచాల నూనె, ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. పోపు వేగాక కూర వేసి పెద్ద మంటమీద మూడు నిమిషాలు. మూత పెట్టకండి: ఆవిరితో పాటు కూరలోని ఆమ్లాలు లోపలే నిలిచి పచ్చరంగును చంపేస్తాయి, ఎక్కువ ఉడికితే గంధకం వాసన కూడా వస్తుంది. పిల్లలు చాలామంది వద్దనేది ఆ వాసననే, కూరను కాదు. దించేముందు ఉప్పు, రెండు చెంచాల పుట్నాల పొడి చల్లండి. వేరుశనగలు వద్దనే బడులకు డబ్బా కట్టేటప్పుడు పుట్నాలే మేలు.

పప్పులో వేయాలంటే కుక్కర్‌లో పెట్టొద్దు. ఉడికిన పెసరపప్పు మరుగుతుండగా ముక్కలు వేసి మూడు నిమిషాలుంచండి. నిమ్మరసం పొయ్యి కట్టేశాకే. పులుపు ముందే పడితే ముక్కలు ఖాకీరంగుకు తిరుగుతాయి.

లంచ్ డబ్బాలో వేడిగా మూసినా అదే వాసన, అందుకే చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో కడగకుండా, అరటిపళ్ళకూ ఆపిల్స్‌కూ దూరంగా పెడితే నాలుగైదు రోజులుంటుంది. ఆ పళ్ళనుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు మొగ్గలు పసుపెక్కుతాయి. ఒకటీ అరా పసుపు పూలు విచ్చుకున్నా తినొచ్చు. కాడ వంచితే మెత్తగా వాలిపోయేదాన్ని మాత్రం కొనకండి.