ఐదో నెలా, ఏడో నెలా: మా పాప తొలి ముద్దలు

పాపకి నాలుగో నెల నడుస్తుండగానే అత్తయ్య పంచాంగం తీశారు. ఆడపిల్లకి బేసి నెలలో అన్నప్రాశన చెయ్యాలి, ఐదో నెలలో ముహూర్తం పెట్టిద్దామన్నారు. పిల్లల డాక్టరు గారేమో ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా వద్దన్నారు. ఎవరి మాట కాదనాలో తెలియక వారం రోజులు నలిగిపోయాను. చివరికి మా అమ్మ ఫోనులో అంది: "ఆరు నిండితే నడిచేది ఏడో నెలే కదే, అదీ బేసే." అత్తయ్యకి చెబితే వేళ్ల మీద లెక్కేసుకుని, "అవును సుమా, ఏడో నెలలోనూ చేస్తారు" అన్నారు. నా గుండెల మీంచి బరువు దిగింది.

అన్నప్రాశన చక్కగా జరిగింది. మేనమామ బంగారు ఉంగరంతో పరమాన్నం నాలుకకి రాశాడు. అసలు పని మర్నాడు మొదలైంది.

ఉగ్గు అత్తయ్యే చేశారు. గ్లాసు బియ్యానికి పావు గ్లాసు పెసరపప్పు. రెండూ కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబోసి, కమ్మని వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించి, చిటికెడు జీలకర్ర కలిపి రవ్వలా పట్టారు. రెండు చెంచాల పొడిని ముందు చన్నీళ్లలో కలిపి, ఆ తర్వాతే పొయ్యి మీద పెట్టాలి. వేడినీళ్లలో పోస్తే ఉండలు కడుతుంది. దించాక ఒక చుక్క నెయ్యి. మొదటిరోజు చెంచాలో సగం పెడితే, పాప నాలుకతో అంతా బయటికి తోసేసింది. నచ్చలేదేమో అనుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాను. అది నచ్చకపోవడం కాదు, పాలు చప్పరించడమే తెలిసిన నాలుకకి ముద్దను వెనక్కి తీసుకోవడం ఇంకా రాలేదంతే. ఐదో రోజుకి నోరు తానే తెరిచింది.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా నిలబడ్డాను. కాళ్లు చాపుకుని, పాపని వాటి మీద పడుకోబెట్టి, ఉగ్గుగిన్నెతో గొంతులోకి పోయడం అత్తయ్యకి అలవాటు. పడుకున్న బిడ్డకి అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. "అత్తయ్యా, ఉగ్గు మీదే, గిన్నె మీదే, కూర్చోబెట్టి చెంచాతో పెడదాం" అన్నాను. కాసేపు మాట్లాడలేదు కానీ ఒప్పుకున్నారు. ఊరి నుంచి ఒక పెద్దావిడ తెచ్చిన తేనె కూడా పక్కన పెట్టేశాం. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బొటులిజం అనే జబ్బు రావచ్చు, అది నరాలనే పట్టేస్తుంది. ఉప్పు, పంచదార కూడా ఏడాది దాకా వద్దన్నారు. "చప్పిడి తిండి ఎలా తింటుందే తల్లీ" అని అత్తయ్య రోజూ బాధపడేవారు. ఉప్పు రుచి తెలిసింది మనకి, దానికి ఇంకా తెలియదు కదా.

కొత్తది ఏది పెట్టినా మూడు రోజులు అదే పెట్టి, ఒంటి మీద దద్దుర్లు, విరేచనాలు ఉన్నాయేమో చూసి, ఆ తర్వాతే ఇంకొకటి. క్యారెట్, గుమ్మడికాయ, రాగిజావ, మెత్తగా ఉడికిన తోటకూర పప్పు అలా వచ్చాయి. అరటిపండు పెట్టిన వారంలో విరేచనం గట్టిపడింది. అది ఆపి, నానబెట్టిన ఎండుద్రాక్ష రసం రెండు చెంచాలు ఇచ్చి, తిన్నాక నీళ్లు తాగించడం మొదలుపెడితే సర్దుకుంది.

ఎనిమిదో నెలలో మళ్లీ మూతి బిగించింది. నేను భయంకొద్దీ అన్నీ మిక్సీలో వేసి జారుగా చేస్తున్నాను. ఒకసారి చిన్న పలుకు తగిలి ఓకరించేసరికి నా చేతులు వణికాయి. ఓకరింత అంటే ముద్దను తానే ముందుకు తెచ్చుకోవడమనీ, ఏడుపు, దగ్గు రాకుండా పోయినా, ముఖం నీలంగా మారినా గొంతుకి అడ్డం పడ్డట్టనీ డాక్టరు గారు చెప్పారు. ఆ సాయంత్రం అత్తయ్య మిక్సీ మూత పెట్టేసి, వేడన్నం, పప్పు, నెయ్యి ఒక పళ్లెంలో వేసుకుని వేళ్లతో మెదపడం మొదలుపెట్టారు. బొటనవేలితో మెతుకు నలుపుతూ, అక్కడక్కడ చిన్న పలుకు వదిలేస్తూ. చిన్న ముద్ద చేసి వేలి చివర పెడితే పాప ఆవిడ వేలితో సహా చప్పరించింది. ఆ రోజు పది ముద్దలు తింది, నేను ఒక్కొక్కటీ లెక్కపెట్టాను.

ఇప్పుడు పదో నెల. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం రాగిజావ, మధ్యలో నా పాలు. మొన్నటి నుంచి ఉడికిన గుడ్డు కూడా. అత్తయ్య ఊరికి వెళ్లేముందు స్టీలు డబ్బా నిండా ఉగ్గు పట్టి, మూత మీద తారీఖు రాసి పెట్టి వెళ్లారు. అన్నం మాత్రం నేను వేళ్లతోనే మెదుపుతున్నాను.