పాత ఉంగరాన్ని ముందు బోర్లించి చూడాలి

మా నిశ్చితార్థానికి పాతకాలపు ఉంగరమే కావాలని పట్టుబట్టింది నేనే. మూడు నెలలు వెతికాం. అందులో మొదటి నెలంతా వృథా అయిందనే చెప్పాలి, ఎందుకంటే నేను ఫొటోల్లో రాయిని తప్ప ఇంకేమీ చూడలేదు.

ఆ రాళ్ళ మీద మనసు పడటంలో తప్పేమీ లేదు. ఓల్డ్ మైన్ కట్, ఓల్డ్ యూరోపియన్ కట్ అంటారు వాటిని. ఇంటింటికీ కరెంటు రాని రోజుల్లో, కొవ్వొత్తుల వెలుగులో, గ్యాస్ దీపాల కింద మెరిసిన వజ్రాలు అవి. పైభాగం ఎత్తుగా ఉంటుంది, నెత్తి మీది చదును చిన్నది, అడుగున మొన కొద్దిగా కోసేసి ఉంటుంది. పైనుంచి చూస్తే రాయి నడిమధ్యలో గుండ్రంగా ఒక చుక్క కనిపిస్తుంది. నేను మొదట అది లోపమనుకుని భయపడ్డాను గానీ, అది ఆ కోసిన మొనే. 1919లో వజ్రాలు సానబట్టే కుటుంబంలో పుట్టిన ఇంజనీరు మార్సెల్ టోల్కోవ్‌స్కీ వజ్రం ఎక్కువగా మెరవాలంటే ఏ కొలతల్లో సానబెట్టాలో లెక్కగట్టి పుస్తకం వేశాడు, ఇప్పటి గుండ్రటి వజ్రాలకు ఆ లెక్కలే పునాది. కొత్త వజ్రం సన్నసన్నటి మెరుపులు చిమ్ముతుంది, పాతది చేయి కదిపినప్పుడల్లా పెద్ద పెద్ద వెలుగు ముక్కల్ని నింపాదిగా ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తుంది. నాకు ఆ నింపాదితనమే నచ్చింది.

మేం మొదట తీసుకున్న ఉంగరం మాత్రం మోసం. 1920ల నాటిదని చెప్పి అమ్మారు. తెలిసిన కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఆయన రాయి వైపు చూడనే లేదు, ఉంగరాన్ని బోర్లించి భూతద్దం పెట్టారు. లోపలి మూలల్లో సూది మొనంత గుంటలు, ఇప్పటి నకళ్ళను అచ్చులో పోత పోసినప్పుడు పడేవి. అంచు వెంబడి పూసల్లా ఉండాల్సిన నగిషీ మైనం కరిగినట్టు మొద్దుగా ఉంది. వందేళ్ళు వాడిన వస్తువు మీద అరుగుదల ఏదమ్మా అని అడిగారు, నా దగ్గర జవాబు లేదు. అమ్మినవాళ్ళని నిలదీస్తే 'వింటేజ్ స్టైల్' అని రాశాం కదా అన్నారు. నిజంగానే ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది. డబ్బులు వెనక్కి రావడానికి చాలా టెన్షన్ పడ్డాం. వందేళ్ళు దాటితే యాంటిక్, వింటేజ్ అనే మాటకి అంత గట్టి హద్దు లేదు, ఇక పక్కన 'స్టైల్' చేరిందంటే అది నిన్న చేసింది కూడా కావచ్చు.

ఆ రోజు నుంచి ఏ ఉంగరం చూసినా ముందు వెనకవైపే చూశాం. రాయిని పట్టి ఉంచే ప్రాంగ్స్ ఏళ్ళ తరబడి బట్టలకీ బల్లలకీ రాసుకుని అరిగిపోతాయి. పైకి బాగానే ఉన్నట్టుంటాయి, భూతద్దంలో చూస్తే కొన్ని కత్తిరించి పారేసిన గోరు ముక్కంత పల్చగా ఉంటాయి. వేలి కిందికి వచ్చే పట్టీ కూడా అంతే. బంగారం మీద బూడిదరంగు మరక కనిపిస్తే ఎవరో సీసంతో అతుకు వేశారేమోనని అనుమానించాలి, అలాంటిదాన్ని మళ్ళీ బాగు చేయించడం చాలా కష్టం.

ఉంగరం లోపల కొట్టిన ముద్రలు పనికొస్తాయి గానీ వాటినే నమ్ముకోకూడదు. 750 అంటే 18 క్యారెట్లు, 585 అంటే 14. బ్రిటిష్ ఉంగరమైతే బంగారాన్ని ఏ ఊళ్ళో పరీక్షించారో కూడా తెలుస్తుంది, లంగరు గుర్తు బర్మింగ్‌హామ్‌ది, చిరుతపులి తల లండన్‌ది, పక్కన ఉండే అక్షరం ఏ ఏడాదో చెబుతుంది. అయితే పట్టీ అరిగిపోయి ఎప్పుడో కొత్తది వేయించి ఉంటే ఆ ముద్ర చెప్పేది పట్టీ సంగతే, రాయి సంగతి కాదు.

పాత ఉంగరంలో ఉన్నది గనిలో దొరికిన రాయే అయి ఉంటుందన్న ధీమా కూడా వద్దు. పొడిని మంటలో కరిగించి రాయిగా పెంచే వెర్నూయ్ పద్ధతిలో కెంపులు తయారు చేయొచ్చని 1902లోనే లోకానికి తెలిసింది, ఆ తర్వాత నీలాలూ వచ్చాయి. 1920ల నాటి ఉంగరాల్లో అసలు వజ్రాల పక్కనే ఇలా తయారైన రాళ్ళు పొదిగినవి ఉన్నాయి. ల్యాబ్ రిపోర్టు అడగండి, మొహమాటపడకండి.

రోజూ పెట్టుకోవాలనుకుంటే రాయి గట్టిదనం కూడా చూసుకోవాలి. ఆల్బర్ట్ విక్టోరియా రాణికి ఇచ్చిన నిశ్చితార్థపు ఉంగరం పచ్చ పొదిగిన పాము. నాకూ పచ్చ మీద చాలా ఆశ ఉండేది. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో వజ్రం 10, నీలం 9, పచ్చ 8 లోపే, పైగా లోపల పగుళ్ళుంటే దెబ్బకి తట్టుకోదు. గిన్నెలు తోమే చేతికి అది నప్పదని వదిలేశాను.

చివరికి దొరికిన ఉంగరం లోపలి వైపు రెండు పొడి అక్షరాలు, 1926 అని చెక్కి ఉన్నాయి. నాకు కాబోయే భర్త కాసేపు దాన్నే చూస్తూ, "ఎవరిదో పేరు నీ వేలికి ఉంటే నీకేమీ అనిపించదా?" అని అడిగాడు. అనిపించింది. ఒక రాత్రంతా ఆలోచించాను కూడా. గీసి తీసేయమంటే కంసాలి తీసేసేవారు, కానీ అప్పటికే పల్చబడిన బంగారం ఇంకా పల్చబడుతుంది. అంతకంటే, అంత ముద్దుగా చెక్కించుకున్నవాళ్ళ గుర్తు చెరపడానికి నాకు చేతులు రాలేదు. ఉంచేద్దాం అన్నాను, తనూ సరే అన్నాడు. సైజు పెంచడానికి ఆ అక్షరాలకి తగలకుండా అడుగున కోసి అతికారు, నాలుగు ప్రాంగ్స్‌కీ కొత్త బంగారం ఎక్కించారు.

రాయి కదులుతోందేమో తెలుసుకోవడానికి కంసాలే ఒక చిట్కా చెప్పారు. ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో మెల్లగా తట్టాలి, వదులైతే టిక్కు టిక్కుమని సన్నటి చప్పుడొస్తుంది. పడుకునే ముందు రోజూ తట్టి వింటున్నాను. నిన్న రాత్రి కూడా చప్పుడేమీ లేదు.