పూరీలో ఒక పెంటకోట

పూరీ స్టేషన్ బయట ఆటో అతను చక్రతీర్థ రోడ్డుకి వంద రూపాయలు అడిగాడు. ఇది జరిగి పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఆ వంద ఇప్పటి వంద కాదు. రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడి వచ్చినవాళ్లం. తెల్లవారుతూనే కుడిపక్క కిటికీలోంచి చిలికా సరస్సు కనిపించినప్పుడు కలిగిన సంతోషం ఖుర్దా రోడ్‌లో ఇంజను అటునుంచి ఇటు మార్చేంత వరకు కూడా నిలవలేదు. అప్పటికే ఒళ్లంతా నొప్పులు. మా బావ మాత్రం ఏమీ మాట్లాడకుండా బ్యాగు భుజాన వేసుకుని, బేరం ఆడి నలభైకి సైకిల్ రిక్షా కుదిర్చాడు. రిక్షా తొక్కే ఆయన వయసు చూసి ఇద్దరం ఎత్తు వచ్చినచోటల్లా దిగి నడిచాం.

బావది తునిలో పెళ్లి వీడియోల పని. సొంతంగా సోనీ పీడీ170 కెమెరా ఉంది. ముహూర్తాలు లేని మూఢం రోజుల్లో ఆ కెమెరాతో మేమిద్దరం కలిసి పదిహేడు నిమిషాల సినిమా ఒకటి తీశాం. కథ చిన్నది. మత్స్యకారుడు పోయాడు. కొడుకు గుజరాత్‌లోని వెరావల్‌కి బోటు పనికి వెళ్లాడు, మా తీరం నుంచి ఏటా ఎంతమంది వెళతారో అలాగే. తల్లి ఒక్కతే ఇంట్లో ఉంది. ఒడ్డున తండ్రి తెప్ప ఉంది. చివర సూర్యుడు దిగుతుండగా ఆ తెప్ప మీద షాట్ ఆగిపోతుంది. నటించినవాళ్లంతా పెంటకోట జనమే. పాయకరావుపేట దాటాక తాండవ నది సముద్రంలో కలిసేచోట ఉంటుంది ఆ ఊరు.

ఆ సినిమా డీవీడీలు పట్టుకుని నేను హైదరాబాద్‌లో ఆరు నెలలు తిరిగాను. కృష్ణానగర్‌లో ఒక స్నేహితుడి గదిలో ఉంటూ, రోజూ ఒక ఆఫీసు. చూస్తామన్నవాళ్లే గానీ చూసినవాళ్లు లేరు. ఒకచోట రెండు నెలల తర్వాత వెళ్తే, నేను ఇచ్చిన కవరు అదే బల్ల మీద అలాగే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. కవరు అంటించిన చోట విప్పలేదు. ఆ మరక నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఆ రోజే సామాను సర్దుకుని గోదావరి ఎక్కేశాను.

అందుకే పూరీ సంగతి తెలిసినప్పుడు అంత ఆశ పుట్టింది. దాని పేరు బ్రింగ్ యువర్ ఓన్ ఫిల్మ్ ఫెస్టివల్. 2004లో మొదలైంది. మిగతా ఫెస్టివల్స్‌కి ఎంట్రీ ఫీజు, సెలక్షన్ కమిటీ, తర్వాత ఎదురుచూపు ఉంటాయి. ఇక్కడ ఎంపికే లేదు. జ్యూరీ లేదు, బహుమతి లేదు. ఎవరి సినిమా వాళ్లు చేతపట్టుకుని సముద్రం ఒడ్డుకి రావాలి, అంతే. ఎవరో ఒకరు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూస్తే చాలు అనుకునే స్థితిలో ఉన్న నాకు అది దేవుడు రాసిన ఉత్తరంలా అనిపించింది.

పూరీకి రెండు ముఖాలున్నాయి. స్వర్గద్వారం వైపు బీచ్ అంతా కోల్‌కతా నుంచి వచ్చే కుటుంబాలు, ఒంటెలు, ముత్యాల దండలు, తీర్థయాత్ర జనం. తూర్పుగా చక్రతీర్థ రోడ్డు పట్టుకుని వెళ్తే విదేశీయులు దిగే చిన్న చిన్న హోటళ్లు, పాన్‌కేకులు, అద్దె సైకిళ్లు. ఆ చివర్లో పింక్ హౌస్ అనే హోటల్ ఉంది. దాని ముందు ఇసుకలోనే గుడారాలు వేసి తెరలు కట్టారు. మేం గది తీసుకున్న లాడ్జిలో రోజుకి ఐదు వందలు. ఫ్యాను తిరిగితే దోమలు ఉండవని చెప్పాడు, ఫ్యాను తిరగలేదు. ఆ రోడ్డు మీద ఆమ్లెట్ ధర చూసి బావ మెనూ కార్డు మూసేశాడు. వెనక సందులో అన్నం హోటల్ వెతుక్కున్నాం. అన్నం, దాల్మా, వేయించిన చేప కలిపి పాతిక రూపాయలు. దాల్మా అంటే మన ముక్కల పప్పులాంటిదే, పులుపు ఉండదు. మూడు రోజులూ అదే తిన్నాం.

మొదటి రోజు నాకు అసలు నచ్చలేదు. పుణె, కోల్‌కతా ఫిల్మ్ స్కూళ్ల పిల్లలు, ఢిల్లీ నుంచి డాక్యుమెంటరీలు తీసేవాళ్లు, అందరూ ఒకరికొకరు తెలుసు. మాట్లాడే ఇంగ్లీషు వేగం నాకు అందలేదు. వాళ్లు చెప్పుకునే డైరెక్టర్ల పేర్లలో సగం వినలేదు. మంచివాళ్లే, పలకరించారు, టీ ఇచ్చారు. అయినా ఏదో పెళ్లికి పిలవకుండా వచ్చినట్టు ఒక ఇబ్బంది. బావ ఊరికే సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. పూరీ అలలు మా వైపు అలల్లా కాదు, ఒడ్డు దగ్గరే నిలువెత్తు లేచి విరుగుతాయి. ఆ చప్పుడులో సినిమాల మాటలు సగం కలిసిపోయేవి. సాయంత్రం ఖాజా కొనుక్కు తిన్నాం. పొరలు బాగానే ఉన్నాయి గానీ, కొరికితే పాకం కారే తాపేశ్వరం కాజాకి అలవాటు పడిన నోరు కదా.

రెండో రోజు మధ్యాహ్నం నా సినిమా. టెన్షన్‌తో అన్నం సహించలేదు. మొదటి డీవీడీ ఆరో నిమిషంలో ఆగిపోయింది. విశాఖలో కాపీ చేయించినచోట చవక డిస్కులు వాడినట్టున్నారు. బావ బ్యాగులోంచి రెండోది తీసి తుడిచి పెట్టాడు, మళ్లీ మొదటి నుంచి వేశారు. గుడారంలో పాతిక మంది ఉంటారేమో. గుడ్డ గోడల్లోంచి వెలుతురు వచ్చి తెర మీద నలుపు బూడిదరంగులో ఉంది. కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పడుతున్నాయి.

ఒకచోట తల్లి పక్కింటావిడతో అంటుంది, కొడుకు ఫోన్ చేసి డబ్బు గురించి తప్ప తిన్నావా అని అడగలేదని. దాని వెంటనే ఒక మొరటు మాట అంటుంది. ఆ మాటకి నవ్వు వచ్చింది. ముందు కూర్చున్నవాళ్లలోంచి కాదు, వెనక నుంచి. ఆ తర్వాత అర సెకను ఆగి, కింద అక్షరాలు చదువుకున్నాక, ముందువాళ్లు నవ్వారు. నేను తల తిప్పి చూశాను. గుడారం వెనక గుడ్డ ఎత్తి పట్టుకుని ఎనిమిది పది మంది నిలబడి ఉన్నారు. లుంగీలు పైకి కట్టిన మగవాళ్లు, చంకన పిల్లాడితో ఒకావిడ, తలమీద ఖాళీ చేపల గంప దించకుండానే చూస్తున్న ఇంకొకావిడ. మళ్లీ ఇంకో మాటకి కూడా అలాగే జరిగింది. ముందు వెనకాల, తర్వాత ముందు. నేను ఇక తెర చూడలేదు, వాళ్లనే చూశాను.

అయిపోయాక లోపలివాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి చివరి షాట్‌లో వెలుతురు ఎలా పట్టుకున్నారని అడిగింది, బావ ముఖం వెలిగిపోయింది. సబ్‌టైటిల్స్‌లో తప్పులున్నాయని ఒకతను చెప్పాడు, నిజమే. నేను జవాబులు త్వరగా ముగించి బయటికి వెళ్లాను. అందరూ వెళ్లిపోయారు, ఒక ముసలాయన మాత్రం ఇసుకలో గొంతుకు కూర్చుని ఉన్నాడు.

"బాబూ, ఆ సినిమా నీదేనా?"

"నాదే తాతా. నీకు తెలుగెలా వచ్చు?"

"మా ఇంట్లో మాటాడీది అదే కదేటి."

ఏ ఊరని అడిగాడు. తుని అని చెప్పి, సినిమా తీసింది పెంటకోటలో అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, చెయ్యి తూర్పుకి చాపాడు. "పెంటకోట అదే."

నాకు అర్థం కాలేదు. నేను చెప్పింది మా పెంటకోట అని మళ్లీ వివరించబోయాను. ఆయన వినిపించుకోలేదు. "అదీ పెంటకోటే, ఇదీ పెంటకోటే" అన్నాడు. నిజమే. పింక్ హౌస్ దాటి కాస్త దూరం నడిస్తే ఒడ్డు పొడవునా ఇళ్లు కిక్కిరిసిన మత్స్యకారుల పేట ఉంది. దాన్ని ఒడియావాళ్లు నోరు తిరిగినట్టు పెంఠకటా అంటారు. నోలియాలని పిలిచే వీళ్లంతా తెలుగువాళ్లే. పూరీలో యాత్రికుల చెయ్యి పట్టుకుని సముద్ర స్నానం చేయించే, తల మీద కోణాకారపు టోపీ పెట్టుకున్న మనుషుల ఫొటోలు మనం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాం. వాళ్లు ఏ భాష మాట్లాడతారో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వాళ్ల తాతలు సోంపేట కాడ నుంచి వచ్చారని ఆయన చెప్పాడు. ఆయన మాత్రం సోంపేట ఎప్పుడూ చూడలేదట.

తర్వాత ఆయన అసలు సంగతికి వచ్చాడు.

"అయ్య సచ్చిపోనాడు. కొడుకు ఊళ్లో నేడు. తల్లొక్కత్తే ఉంది. అవునా?"

"అవును తాతా."

"మరి తెప్ప కట్టినోడెవుడు?"

నేను ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోయాను. ఆయనే చెప్పాడు. తెప్ప అంటే పడవ కాదు, విడి దుంగలు. వేటకి వెళ్లేముందు వాటిని వరసలో పేర్చి తాళ్లతో బిగించి కడతారు. తిరిగి రాగానే కట్లు విప్పేసి దుంగలు ఒడ్డు మీద విడివిడిగా ఆరబెడతారు. ఆరకపోతే నీళ్లు పీల్చి బరువెక్కుతాయి. "కట్టున్న తెప్పంటే పొద్దున్నే ఎవుడో ఎలతాడని. నీ సినిమా అయిపోనాక నాను అదే చూస్తన్నాను. ఎవుడొస్తాడో, ఎవుడెలతాడో అని."

అది నేను అనుకున్న అర్థానికి పూర్తిగా తలకిందులు. నా లెక్కలో ఆ తెప్ప ఇక ఎవరూ ముట్టుకోని తెప్ప. ఫిల్మ్ స్కూళ్ల పిల్లలు, నేను, బావ, అందరం దాన్ని అలాగే చదివాం. ఆ భాష వచ్చినవాడికి మాత్రం అది రేపు పొద్దున వేటకి సిద్ధంగా ఉన్న తెప్ప. ఆ రాత్రి గుడారాల దగ్గర గిటార్ వాయించారు, పాటలు పాడారు, నేను వెళ్లలేదు. దోమల గదిలో పడుకుని షూటింగ్ రోజు గుర్తు చేసుకున్నాను. మేం వెళ్లేసరికి పెంటకోట ఒడ్డు మీద ఆ దుంగలు విడిగానే పడి ఉన్నాయి. ఫ్రేములో బాగుండవని, తెప్పలా కనిపించాలని, ఇద్దరు కుర్రాళ్లకి యాభై రూపాయలిచ్చి కట్టించింది నేనే. మా ఊరికి ఆ ఊరు అంత దగ్గర. నా చిన్నతనమంతా ఆ ఒడ్డునే ఆడుకున్నాను. ఆ దుంగలు ఎందుకు విడిగా ఉంటాయని ఒక్కరినీ అడగలేదు. హైదరాబాద్‌లో నా కవరు విప్పి చూడలేదని అంత బాధపడ్డవాడిని, నేను తీసేదాన్ని నేనూ సరిగ్గా చూడలేదు.

మర్నాడు నాలుగింటికే లేచి పెంటకోట వైపు నడిచాను. చీకట్లోనే ఒడ్డంతా జనం. ఫైబర్ బోట్లే ఎక్కువ, చెక్క తెప్పలు కొన్ని. ముసలాయన ఇప్పుడు వేటకి వెళ్లడు, కొడుకు తెప్ప కడుతుంటే పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కొడుకు దుంగలు జరుపుతున్నాడు. ప్రతి దుంగకీ దాని చోటు ఉంది, ఎడమది కుడికి కుదరదు. తాడు రెండు చుట్లు తిప్పి, పాదంతో దుంగని తన్ని పట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాడు. తడిసిన తాడు కిర్రుమంది. ముసలాయన ముడి మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు. చాలదన్నాడు. కొడుకు ఏమీ అనకుండా విప్పి మళ్లీ కట్టాడు.

"సెప్పలేదు నువ్వు. కట్టినోడెవుడు?" అన్నాడు ముసలాయన, కళ్లు ముడి మీదనుంచి తిప్పకుండానే.

"నేనే కట్టించాను తాతా. చూడ్డానికి బాగుంటుందని."

"అలగా" అన్నాడు. కాసేపాగి, "ఇప్పీసిందే చూపించు. చూసినోడికి తెలిసిపోద్ది" అన్నాడు. తర్వాత నా చేతికి తాడు కొస ఇచ్చి పట్టుకోమన్నాడు. నలుగురు తెప్పని నీళ్లలోకి తోశారు. మొదటి అల వాళ్లని ఒడ్డుకే విసిరింది. మూడోసారికి దాటారు.

ఆ రోజే తిరుగు రైలు. కోణార్క్ ముప్పై అయిదు కిలోమీటర్లే, చూడకుండా వెళ్లడం ఏంటని బావ గొణిగాడు. జగన్నాథుడి దర్శనం మాత్రం చేసుకున్నాం. బరంపురం దాటాక నేను సంగతంతా చెప్పాను. బావ చాలాసేపు మాట్లాడలేదు, తను అంత ఇష్టపడి తీసిన షాట్ అది. ఇచ్ఛాపురంలో టీ తాగుతూ, "మార్చిలో రెండు రోజులు పెళ్లిళ్లు లేవు" అన్నాడు.

మార్చిలో ఒక మంగళవారం పెంటకోట వెళ్లాం. నాలుగు దుంగలూ విడివిడిగా, సగం ఇసుకలో కూరుకుని ఉన్నాయి. ఒకదాని పక్కన గడ్డి మొలిచింది. ఈసారి ఎవరినీ ఏమీ జరపమనలేదు. బావ కెమెరా పెట్టి ఫోకస్ చూసుకుంటుండగా, మా సినిమాలో తల్లిగా చేసిన అప్ప చేపల గంపతో అటుగా వచ్చింది. మమ్మల్ని పలకరించి, నీడ చూసుకుని ఒక దుంగ మీద కూర్చుని, కత్తిపీట ముందు పెట్టుకుని చేపల పొలుసు గీకడం మొదలుపెట్టింది. బావ నా వైపు చూశాడు. నేను ఆపమనలేదు. టేపు అయిపోయేదాకా ఆవిడ గీకుతూనే ఉంది.